నాట్యానికి బడి కట్టిన ఉదయశంకర్

ఈ పాఠం చదివిన తరువాత మీరు

- ఉదయశంకర్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు;
- అల్మోడా కళాకేంద్రంలో నాట్యం నేర్పిన పద్ధతిని వివరించగలుగుతారు;
- నాట్యం విశ్వవిద్యాలయాలలో పాఠ్యవిషయంగా మారిన తీరును గుర్తించగలుగుతారు.

1. పరిచయం

నాట్యం నేర్చుకోవాలంటే వెనుకటి రోజుల్లో గురువు ఇంటికి వెళ్లవలసిందే. కూచిపూడి గ్రామంలో తండ్రి కొడుకుకు, మామ అల్లుడికి నేర్పేవారు. తంజావూరు ప్రాంతంలో నట్టువనార్ల కుటుంబాలు, కేరళలో కథకళి ఆశాన్లు ఈ విద్యను తరతరాలుగా కాపాడారు. ఆ కుటుంబంలో పుట్టినవారికి, లేదా ఆ గురువు మెచ్చి చేర్చుకున్నవారికి మాత్రమే విద్య అందేది.

ఇప్పుడు పరిస్థితి వేరు. దరఖాస్తు నింపి, ప్రవేశ పరీక్ష రాసి, విశ్వవిద్యాలయంలో నాట్యం చదువుకోవచ్చు. హైదరాబాదులో 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1988లో ఏర్పడిన సరోజినీ నాయుడు కళల విభాగం అటువంటివే. అక్కడ నాట్యానికి కూడా పాఠ్యప్రణాళిక ఉంటుంది, మార్కులుంటాయి, పట్టా ఉంటుంది.

అయితే ఒక సందేహం రాక మానదు. ఒంటితో నేర్చుకోవలసిన విద్యను తరగతి గదిలో నేర్పడం సాధ్యమేనా? ఎవరి వంశంలోనూ పుట్టనివారు, ఏ గురువు దగ్గరా చిన్ననాటినుంచి పెరగనివారు నర్తకులు కాగలరా? ఈ ప్రశ్నను తన జీవితంతోనే పరీక్షించి చూసిన వ్యక్తి ఉదయశంకర్. ఆయన ఇరవై ఏళ్లు దాటిన తరువాత నాట్యరంగంలో అడుగు పెట్టారు. అప్పటికి ఆయన చదువు చిత్రలేఖనం. అలాంటి మనిషి ఆధునిక భారతీయ నృత్యానికి ఆద్యుడు ఎలా అయ్యారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. బాల్యం, చదువు

ఉదయశంకర్ 1900 డిసెంబరు 8న రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో జన్మించారు. ఆ ఊరి పేరు మీదనే ఆయనకు ఆ పేరు వచ్చింది. వారి పూర్వికులది తూర్పు బెంగాలులోని నరాయిల్ ప్రాంతం. అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి శ్యామశంకర్ చౌదరి సంస్కృత పండితుడు, న్యాయవాది. ఆయన ఝాలావాడ్ సంస్థానంలో ఉన్నతోద్యోగం చేశారు. తల్లి హేమాంగినీ దేవి. సితార్ వాదనలో ప్రపంచ ప్రసిద్ధుడైన పండిత్ రవిశంకర్ ఉదయశంకర్‌కు చివరి తమ్ముడు. వారిద్దరికీ దాదాపు ఇరవై ఏళ్లు తేడా.

బాల్యంలో ఉదయశంకర్ ఏ నాట్యశాలలోనూ చేరలేదు. రాజస్థాన్‌లోను, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని తల్లిగారి గ్రామంలోను పండుగలకు, పెళ్లిళ్లకు జనం ఆడే ఆటలను చూస్తూ పెరిగారు. బొమ్మలు గీయడం ఆయనకు ఇష్టం. కొడుకు ఆసక్తిని గమనించిన తండ్రి 1918లో ఆయనను బొంబాయిలోని జె.జె. చిత్రకళా పాఠశాలలో చేర్పించారు. 1920లో ఉదయశంకర్ లండన్ వెళ్లి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. ఆ కళాశాల అధిపతి విలియం రోథెన్‌స్టీన్ భారతీయ కళల మీద గౌరవం గలవాడు. యూరపు చిత్రకారులను అనుకరించడంతో తృప్తిపడక, తన దేశపు శిల్పాన్ని, చిత్రకళను చూసి నేర్చుకొమ్మని ఆయన ఈ విద్యార్థిని ప్రోత్సహించాడు. రాతి విగ్రహాల నిలుపు, నడుము వంపు, చేతివేళ్ల అమరిక ఉదయశంకర్ కంటికి అలవాటయ్యాయి. తరువాతి కాలంలో ఆయన నాట్యానికి ఈ చూపే పునాది అయింది.

ఇక్కడ ఆంధ్రులు గుర్తుంచుకోదగిన విషయం ఒకటి ఉంది. ఆ రోజుల్లో పాశ్చాత్య దేశాలవారికి మన హస్తముద్రల గురించి తెలియజెప్పిన ముఖ్య గ్రంథం నందికేశ్వరుని అభినయదర్పణానికి వచ్చిన ఇంగ్లీషు అనువాదం. అది 1917లో వెలువడింది. దానిని ఆనంద కుమారస్వామితో కలిసి అనువదించినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. చీరాల పేరాల ఉద్యమాన్ని నడిపిన ఆంధ్రరత్న ఆయనే.

పాఠంలోని ప్రశ్నలు - 1

అ) ఉదయశంకర్ పూర్వికుల ప్రాంతం ఇప్పుడు ఏ దేశంలో ఉంది?
ఆ) లండన్‌లో ఆయన చదివిన విద్య ఏది?

3. కుంచె వదిలి గజ్జె కట్టడం

శ్యామశంకర్ లండన్‌లో ఉన్నప్పుడు అప్పుడప్పుడు భారతీయ సంగీత, నాటక ప్రదర్శనలు ఏర్పాటు చేసేవారు. వాటిలో కొడుకు కూడా పాల్గొనేవాడు. అలా నాట్యం ఆయన జీవితంలోకి పక్కదారిన ప్రవేశించింది.

ఆ కాలంలో అన్నా పావ్లోవా అనే రష్యన్ నర్తకి పేరు ప్రపంచమంతటా మారుమోగుతోంది. ఆమె నాట్యం బ్యాలే. అంటే మాటలు లేకుండా, సంగీతానికి అనుగుణంగా కథను నృత్యంతో చూపే యూరపు ప్రదర్శన పద్ధతి. ఆమె భారతదేశంలో పర్యటించి, ఇక్కడి ఇతివృత్తాలతో బ్యాలేలు కూర్చాలని ఆశించింది. అందుకు సహాయపడే భారతీయుని కోసం వెతుకుతుండగా ఉదయశంకర్ పరిచయమయ్యారు. ఆయన ఆమె బృందం కోసం రెండు నృత్యాలు కూర్చారు. ఒకటి హిందూ వివాహం, రెండవది రాధాకృష్ణ. 1923లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ రంగస్థలం మీద రాధగా పావ్లోవా, కృష్ణుడిగా ఉదయశంకర్ నర్తించారు. తరువాత ఆమె బృందంతోనే ఆయన అమెరికా పర్యటించారు.

ఈ అవకాశం ఎంత గొప్పదో అంత ఇబ్బందికరమైనది కూడా. ఆయన శాస్త్రీయ నాట్యం నేర్చుకోలేదు. తెలిసినదల్లా చూసిన జానపద నృత్యాలు, పరిశీలించిన శిల్పాలు, తన ఊహ. బ్యాలే నేర్చుకుంటే యూరపులో బతుకు సులువుగా గడిచేది. కాని పావ్లోవా ఆ పని వద్దని వారించింది. తన దేశపు నృత్యాలలోనే వెతకవలసినది చాలా ఉన్నదని చెప్పింది. 1924లో ఆయన ఆ బృందాన్ని విడిచిపెట్టారు.

తరువాతి సంవత్సరాలు పారిస్‌లో కష్టంగా గడిచాయి. చిన్న చిన్న వినోదశాలలలో నర్తించి పొట్ట పోసుకున్నారు. అయినా సాధన మానలేదు. సిమ్కీ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన ఫ్రెంచి యువతి సిమోన్ బార్బియే ఆయనకు శిష్యురాలై, తరువాత సహనర్తకి అయింది. ఆలిస్ బోనర్ అనే స్విట్జర్లాండు శిల్పి ఆయన కృషికి ధనసహాయం చేసింది. 1930లో ఉదయశంకర్, ఆలిస్ బోనర్ భారతదేశంలో పర్యటించి గుహాలయాలు, శిల్పాలు చూశారు. ప్రాంతీయ నృత్యాలు చూశారు. వాద్యాలు, వస్త్రాలు సేకరించారు.

తమ్ముళ్లను, బంధువులను, తిమిర్‌బరన్, విష్ణుదాస్ శిరాలీ వంటి సంగీతజ్ఞులను కూర్చుకుని ఆయన ఒక బృందాన్ని పారిస్ తీసుకువెళ్లారు. పదేళ్ల రవిశంకర్ కూడా అందులో ఉన్నాడు. 1931 మార్చిలో అక్కడ వారి మొదటి ప్రదర్శన జరిగింది. వాద్యకారులను తెర వెనుక దాచకుండా వేదిక మీదనే కూర్చోబెట్టారు. ఆ తరువాత ఏడేళ్లపాటు బృందం యూరపు, అమెరికా, ఆసియా దేశాలలో ప్రదర్శనలిచ్చింది.

4. నేర్పడానికి ముందు నేర్చుకోవడం

కీర్తి వచ్చింది. సాధారణంగా కీర్తి వచ్చినవారు నేర్చుకోవడం మానుకుంటారు. ఉదయశంకర్ అలా చేయలేదు. తనకు లేని శాస్త్రజ్ఞానాన్ని పెద్దల దగ్గర సంపాదించడానికి సిగ్గుపడలేదు. ముప్పై ఏళ్లు దాటిన తరువాత, దేశదేశాలలో పేరు పొందిన తరువాత, శంకరన్ నంబూద్రి అనే కథకళి గురువును ఆశ్రయించి శిష్యరికం చేశారు. 1935లో సుప్రసిద్ధ సంగీత విద్వాంసుడు అల్లావుద్దీన్ ఖాన్‌ను తన బృందంలోకి ఆహ్వానించారు. ఆయనను చూసే రవిశంకర్ నాట్యం వదిలి 1938లో మైహర్ వెళ్లి సితార్ సాధన ప్రారంభించారు.

ఇదే కాలంలో ఇంగ్లండ్‌లోని డార్టింగ్టన్ హాల్ అనే సంస్థను ఉదయశంకర్ చూశారు. దానిని నడిపిన లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అంతకుముందు రవీంద్రనాథ టాగూరు శ్రీనికేతనంలో పనిచేసినవాడు. డార్టింగ్టన్‌లో వ్యవసాయం, చేతిపనులు, నాటకం, నాట్యం ఒకే చోట సాగేవి. కళ బతుకునుంచి విడిపోకూడదన్నది అక్కడి ఆలోచన. అటువంటి సంస్థ భారతదేశంలో కూడా ఉండాలని ఉదయశంకర్ కోరుకున్నారు. టాగూరు కూడా ఆయనను ప్రోత్సహించారు. ఎల్మ్‌హర్స్ట్ కుటుంబం ధనసహాయం చేసింది.

పాఠంలోని ప్రశ్నలు - 2

అ) పావ్లోవా ఉదయశంకర్‌కు ఇచ్చిన సలహా ఏమిటి?
ఆ) పేరు వచ్చిన తరువాత కూడా ఆయన ఎవరి దగ్గర కథకళి నేర్చుకున్నారు?

5. అల్మోడా కళాకేంద్రం

1938లో ఉదయశంకర్ స్వదేశానికి తిరిగివచ్చారు. హిమాలయ పర్వత ప్రాంతంలో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని అల్మోడా పట్టణానికి దగ్గరగా సిమ్తోలా అనే చోట కళాకేంద్రాన్ని నెలకొల్పడానికి పూనుకున్నారు. 1940 నాటికి అక్కడ శిక్షణ సాగుతోంది. దేశంలోని పేరున్న గురువులను ఆయన అక్కడికి రప్పించారు. కథకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యానికి కందప్ప పిళ్లై, మణిపురికి అమొబీ సింగ్, సంగీతానికి అల్లావుద్దీన్ ఖాన్. కందప్ప పిళ్లై ప్రఖ్యాత నర్తకి బాలసరస్వతికి గురువు.

ఒక్క గురువు, ఒక్క సంప్రదాయం అన్న పద్ధతికి బదులు ఇక్కడ ఒకే విద్యార్థి మూడు సంప్రదాయాలను తెలుసుకునేవాడు. బృందంలోని నర్తకి జోహ్రా ఇక్కడ అధ్యాపకురాలై, అయిదేళ్ల పాఠ్యక్రమాన్ని తయారు చేసింది. ఈమే తరువాత జోహ్రా సెహగల్ పేరుతో రంగస్థలం మీద, సినిమాలలో ప్రసిద్ధి పొందిన నటి.

ఉదయశంకర్ స్వయంగా చెప్పే తరగతి అన్నిటికంటె భిన్నంగా ఉండేది. అది నడకతో మొదలయ్యేది. అవును, వట్టి నడక. డప్పు లయకు అనుగుణంగా విద్యార్థులు నడిచేవారు. మొదట మామూలుగా, తరువాత వేగం మార్చి, దిశ మార్చి, చేతులు కలిపి నడిచేవారు. మనం రోజూ నడుస్తూనే ఉంటాం, కాని మన నడకను గమనించం. పాదం ఎక్కడ ఆనుతోంది, బరువు ఎటు మారుతోంది, మెడ ఎలా ఉంది అని గమనించిన నాడు ఆ నడకే నాట్యానికి మొదటి మెట్టు అవుతుంది. ఇదీ ఆయన బోధన.

రెండవది పరిశీలన. చుట్టూ ఉన్న మనుషులను, వారి పనులను, ప్రకృతిని జాగ్రత్తగా చూడమని విద్యార్థులకు చెప్పేవారు. మూడవది ఊహ. ఒక సందర్భం ఇచ్చి, ముందుగా నేర్పిన అడుగులేవీ లేకుండా అప్పటికప్పుడు కదలికలు కల్పించమనేవారు. ఇవి కాక దీపాల అమరిక, వేషధారణ, అలంకరణ వంటి రంగస్థల విషయాలు కూడా శిక్షణలో భాగాలే.

ఈ రెండు రకాల చదువును పక్కపక్కన పెట్టి చూడండి. ఉదయం గురువు దగ్గర ముద్రను శాస్త్రం చెప్పినట్లు పట్టాలి, వేలు తప్పకూడదు. మరో తరగతిలో తన సొంత కదలికను తానే వెతుక్కోవాలి, ఎవరినీ అనుకరించకూడదు. మొదటిది లేకపోతే పునాది ఉండదు. రెండవది లేకపోతే కొత్తది పుట్టదు. ఈనాడు విశ్వవిద్యాలయాలలో ఆధునిక నృత్యం చదివే విద్యార్థి ఎదుర్కొనే పరీక్ష కూడా ఇదే.

ఆయన ఎన్నుకున్న విషయాలు కూడా కొత్తవి. దేవతల కథలతోపాటు సమకాలీన జీవితాన్ని నాట్యంలోకి తెచ్చారు. యంత్రాల మధ్య పనిచేస్తూ తానూ యంత్రమైపోయే కూలివాని బతుకును శ్రమ - యంత్రం అనే నృత్యరూపకంలో చూపించారు. తెల్లని తెర వెనుక నీడలతో రామలీలను ప్రదర్శించారు.

6. మూతపడిన బడి

ఇంత గొప్ప ప్రయత్నం ఎక్కువ కాలం నిలవలేదు. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతోంది. విదేశీ సహాయం, ప్రదర్శనల రాబడి తగ్గిపోయాయి. కొండల మీద గురువులను, విద్యార్థులను పోషించడం పెద్ద ఖర్చు. కేంద్రంలో ఉన్నవారి మధ్య అభిప్రాయభేదాలు కూడా వచ్చాయి. 1944 నాటికి అల్మోడా కేంద్రం మూతపడింది. అయిదేళ్ల పాఠ్యక్రమం ఉన్న బడి అయిదేళ్లు నిండుగా నడవకుండానే ముగిసిపోయింది.

ఉదయశంకర్ మద్రాసు చేరుకుని, జెమినీ స్టూడియోలో కల్పన అనే హిందీ చిత్రం తీశారు. హిమాలయాలలో కళాకేంద్రం కట్టాలని కలగన్న నర్తకుని కథ అది. ఆయన, భార్య అమలాశంకర్ ముఖ్యపాత్రలు ధరించారు. అమల కూడా అల్మోడా విద్యార్థినియే. 1948లో విడుదలైన ఈ చిత్రం డబ్బు తేలేదు. కాని ఆయన నాట్యానికి మిగిలిన గొప్ప సాక్ష్యం ఇదే. పునరుద్ధరించిన ఈ చిత్రాన్ని 2012లో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు.

ఆయన మీద విమర్శలూ ఉన్నాయి. పలు సంప్రదాయాలను కలిపితే దేని స్వచ్ఛతా మిగలదని శాస్త్రీయ నాట్య పక్షంవారు అన్నారు. ఆయన అడుగులకు శాస్త్రప్రమాణం లేదన్నారు. ఈ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. ఉదయశంకర్ ఒక కొత్త శాస్త్రాన్ని రాసిపెట్టలేదు. ఆయన శైలి చాలా భాగం ఆయన శరీరంలోనే ఉంది. అయితే ఆయన శిష్యులు ఆయన అడుగులను మాత్రమే పట్టుకుపోలేదు, వెతికే అలవాటును కూడా పట్టుకుపోయారు.

7. బడి పోయినా చదువు మిగిలింది

అల్మోడా విద్యార్థులు, అధ్యాపకులు ఎక్కడెక్కడికి వెళ్లారో చూడండి.

శాంతి బర్ధన్ బొంబాయిలో ప్రజానాట్యమండలి బ్యాలే బృందానికి నృత్యాలు కూర్చి, 1952లో లిటిల్ బ్యాలే ట్రూప్‌ను స్థాపించారు. మనుషులే తోలుబొమ్మల్లా, కొయ్యబొమ్మల్లా కదిలే ఆయన రామాయణ రూపకం ఎంతో పేరు పొందింది. నరేంద్ర శర్మ ఢిల్లీలో పాఠశాల పిల్లలకు నాట్యం నేర్పుతూ, 1972లో భూమిక అనే బృందాన్ని నెలకొల్పారు. సచిన్ శంకర్ బొంబాయిలో బ్యాలే బృందం నడిపారు. జోహ్రా, ఆమె భర్త కామేశ్వర్ సెహగల్ లాహోరులో నాట్యపాఠశాల తెరిచారు. దేశవిభజన నాటి కల్లోలం వల్ల దానిని విడిచి బొంబాయి వచ్చారు. అల్మోడాలో నాట్యం నేర్చుకున్న మరో యువకుడు తరువాత ప్యాసా వంటి చిత్రాలు తీసిన గురుదత్.

ఇక విశ్వవిద్యాలయం మాట. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత నాట్యం క్రమంగా ఉన్నత విద్యలో చోటు సంపాదించింది. 1949లో ఏర్పడిన బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం ఈ దారిలో ముందు నడిచింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1955లో కలకత్తాలో నాట్యం, నాటకం, సంగీతాలకు ఒక అకాడమీని ఏర్పాటు చేసి, నాట్య విభాగాన్ని ఉదయశంకర్‌కు అప్పగించింది. తరువాత ఆ అకాడమీ, 1962లో ప్రారంభమైన రవీంద్ర భారతి విశ్వవిద్యాలయంలో కలిసింది. కొండ మీద మూతపడిన బడి ఆశయం నగరంలో ప్రభుత్వ విద్యగా మళ్లీ తలెత్తింది. 1965లో అమలాశంకర్ కలకత్తాలో ఉదయశంకర్ పేరుతో కళాకేంద్రం ప్రారంభించి చాలా ఏళ్లు నడిపారు.

ఉదయశంకర్ చివరిదాకా కొత్త ప్రయోగాలు మానలేదు. 1970లో, డెబ్బై ఏళ్ల వయసులో, సినిమాను, రంగస్థలాన్ని జోడించి శంకర్‌స్కోప్ అనే ప్రదర్శన ఇచ్చారు. సంగీత నాటక అకాడమీ 1962లో ఫెలోషిప్‌తోను, భారత ప్రభుత్వం 1971లో పద్మవిభూషణ్‌తోను ఆయనను గౌరవించాయి. 1977 సెప్టెంబరు 26న ఆయన కలకత్తాలో మరణించారు.

చదువుకు వయసు దాటిపోయిందని బాధపడేవారు ఉదయశంకర్ జీవితాన్ని గమనించాలి. ఆయన నర్తించడం ఆలస్యంగా మొదలుపెట్టారు. గురువు దగ్గర కూర్చోవడం అంతకంటె ఆలస్యంగా మొదలుపెట్టారు. వెనుకబడ్డానన్న లోటును ఆయన దాచుకోలేదు, పూడ్చుకున్నారు. తనకు దొరకని బడిని ఇతరుల కోసం కట్టారు.

గ్రహించవలసిన విషయాలు

- ఉదయశంకర్ చిత్రకళా విద్యార్థిగా జీవితం ప్రారంభించి నర్తకుడయ్యారు.
- అల్మోడాలో మూడు నాట్య సంప్రదాయాల శిక్షణతోపాటు నడక, పరిశీలన, ఊహ అనే మూడు సాధనలు జరిగేవి.
- కేంద్రం 1944 నాటికి మూతపడినా, శిష్యుల ద్వారా, ఉన్నత విద్యాసంస్థల ద్వారా ఆ పద్ధతి వ్యాపించింది.

కొత్త మాటలు

ఆద్యుడు = మొదటివాడు
ఆశాన్ = కేరళలో కళలు నేర్పే గురువు
నట్టువనార్ = భరతనాట్యం నేర్పే, తాళంతో నడిపించే గురువు
ఇతివృత్తం = కథావిషయం
నృత్యరూపకం = నాట్యంతో నడిచే నాటకం

పాఠం చివరి ప్రశ్నలు

1. అల్మోడా కేంద్రంలో నాట్యం నేర్పిన పద్ధతికి, గురుకుల పద్ధతికి గల భేదాలను వివరించండి.
2. అల్మోడా కేంద్రం మూతపడడానికి గల కారణాలేవి?
3. పలు సంప్రదాయాలను కలపడం మంచిదా, కాదా? మీ అభిప్రాయాన్ని కారణాలతో పది వాక్యాలలో రాయండి.
4. మీరు చేయండి: మీ ఊరిలో నాట్లు వేసేవారిని గాని, మగ్గం నేసేవారిని గాని, బరువులు మోసేవారిని గాని పది నిమిషాలు గమనించండి. వారి చేతులు, కాళ్లు, నడుము కదిలే తీరును అయిదు వాక్యాలలో రాయండి.

పాఠంలోని ప్రశ్నలకు జవాబులు

1. అ) బంగ్లాదేశ్. ఆ) చిత్రకళ.
2. అ) బ్యాలే నేర్చుకోక, తన దేశపు నృత్యాలలోనే వెతకమని. ఆ) శంకరన్ నంబూద్రి.